మాస్కు తాడుకు వేసిన ముడి

మొన్న తిరుమలగిరిలో ఒక ఫంక్షన్ హాల్లో మా చిన్నాన్న కూతురి నిశ్చితార్థం జరిగింది. వేదిక అంచున వరసగా కుండీలు పెట్టారు. అన్నీ తెల్లటి ఆంథూరియం పూలు, రేకు అంచున సన్నటి ఆకుపచ్చ గీత. అందరూ పెళ్ళికూతురి చీర చూస్తుంటే నేను వంగి ఒక్కో కుండీలో ఆకులు వెనక్కి తిప్పి చూస్తున్నాను. పక్కనున్న మా అత్త ఆగలేక అడిగింది.

"ఒరిజినలేనా, ప్లాస్టిక్కా?"

"ఒరిజినలే అత్తా. మా పిల్లలే" అన్నాను.

అత్త నన్ను ఎగాదిగా చూసి కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంది.

ఆ పూలు చూడగానే నాకు మా ల్యాబు అక్క గుర్తొచ్చింది. అక్క పోయి ఏడాది దాటింది. వాళ్ళ చెల్లెలితో ఏదో చెబుతూ చెబుతూ మాట మధ్యలోనే పోయిందట. ఆమె సంగతి తెలిసిన వాళ్ళం ఎవరమూ ఆశ్చర్యపోలేదు. మాట పూర్తి చేసి పోవాలంటే ఆమె ఈ లోకంలో ఇంకో వందేళ్ళు ఉండాల్సింది. అక్క గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ నవ్వొచ్చేది. పోయిన మనిషి గురించి నవ్వుతూ రాస్తే బాగుండదేమోనని ఆగిపోయేదాన్ని. ఆమే ఉంటే "ఏడ్సుకుంట రాస్తే ఎవడు చదువుతడు బిడ్డా" అనేది. అందుకని ఇలాగే రాస్తున్నాను.

అక్క మా ల్యాబ్ ఇన్‌చార్జి. మాది టిష్యూ కల్చర్ ల్యాబ్, అలంకరణ మొక్కలు తయారు చేస్తాం. మంచి మొక్క ఒకటి ఎంచుకొని, దాని చిగురులోంచి గోరంత ముక్క కోసి, గాజు సీసాలో జెల్లీ మీద పెడతాం. చక్కెర, లవణాలు, గడ్డకట్టించే అగర్ పొడి కలిపి ఉడికించిన ఆ జెల్లీని మీడియా అంటాం. కొన్ని వారాలకు ముక్క చుట్టూ బుజ్జి పిలకలు గుంపుగా లేస్తాయి. వాటిని విడదీసి మళ్ళీ కొత్త సీసాల్లో పెడతాం. ఒకటి పదవుతుంది, పది వందవుతుంది, అన్నీ తల్లి పోలికే. చిక్కంతా ఒక్కటే. ఆ మీడియా మొక్కకు ఎంత రుచో బూజుకూ అంతే రుచి. కంటికి కనిపించని నలుసు ఒకటి పడిందంటే మొక్కకన్నా ముందు అదే విందు చేసుకుంటుంది. అందుకే మొక్కలు కోసే గదిలో తల కప్పుకొని, మూతికి మాస్కు కట్టుకొని, చేతులు స్పిరిటుతో తుడుచుకొని కూర్చోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా మాట్లాడకూడదు.

అలాంటి గదికి అక్కను పెద్దను చేయడం దేవుడు ఆడిన పరాచికం. సికింద్రాబాద్ మొత్తం వెతికినా అంత మాటకారి దొరకదు. పద్మారావు నగర్ నుంచి స్కూటీ మీద వచ్చేది. సిగ్నల్ దగ్గర పక్క బండి వాళ్ళతో మాట కలిపేది. పచ్చ లైటు పడి మాట తెగిపోతే ల్యాబుకొచ్చాక కూడా ఆ బాధ తీరేది కాదు.

"పాపం, ఆ పెద్దమనిషి బిడ్డ సంబంధం కుదిరిందో లేదో. చెప్పేలోపల లైటు పడ్డది" అనేది చెప్పులు విడుస్తూ.

గదిలోకి వెళ్ళాక ఆమె కనుబొమలతో పని నడిపేది. ఎడమది లేచిందంటే బ్లేడు మంటలో సరిగ్గా కాల్చలేదని. రెండూ లేస్తే సీసా మూత ఎక్కువసేపు తెరిచి ఉంచామని. కళ్ళు మూసుకొని మెల్లగా తల ఊపిందంటే ఆ అమ్మాయిని ఇక ఆ రోజుకు దేవుడే కాపాడాలి. మరి కనుబొమలకు అందని మాటల సంగతి? పాతకాలపు ఆడవాళ్ళు మర్చిపోకుండా కొంగున ముడి వేసుకున్నట్టు, అక్క మాస్కు తాడు కొసకు ముడి వేసుకునేది. చెప్పాల్సిన మాట ఒకటి గుర్తుకు రాగానే చెయ్యి వెనక్కి పోయేది, ముడి పడేది. తాడు ముట్టుకుంది కనుక మళ్ళీ చేతులు స్పిరిటుతో తుడుచుకునేది. ల్యాబు స్పిరిటులో సగం అక్క మాటలకే ఖర్చవుతోందని ఓనర్ సారు విసుక్కునేవారు.

టీ వేళకు అందరం బయట వరండాలో చేరేవాళ్ళం. అక్క మాస్కు విప్పి ఒళ్ళో పెట్టుకొని, మొదటి ముడి దగ్గర నుంచి షురూ చేసేది. ముడి విప్పితేనే మాట. ఒక్కోసారి ముడి బిగుసుకుపోయి రాదు, మాటేమో నాలుక మీద ఉంటుంది. అయినా విప్పకుండా చెప్పేది కాదు. "ఆగుండ్రి, ఆగుండ్రి, పరేషాన్ చెయ్యకుండ్రి" అంటూ పళ్ళతో లాగేది. మేం టీ చల్లారబెట్టుకొని ఎదురుచూసేవాళ్ళం. తీరా విప్పాక "వంకాయల బజ్జీ చేస్తే నూనె పీల్చకుండ ఎట్లనో నాకు ఎర్కైంది" అనేది. అంతే. దానికోసం అంతసేపు.

ఆ వరండా గోడకు వరసగా మేకులు ఉండేవి. అవీ అక్క కొట్టించినవే. పూలు పుట్టించే ఇంట్లో తలలో పూలు పెట్టుకోవడానికి లేదు, పుప్పొడి, దుమ్ము లోపలికి వస్తాయని. పొద్దున మేం పెట్టుకొచ్చిన మల్లెదండలు, కనకాంబరాలు ఆ మేకులకు తగిలించి లోపలికి వెళ్ళేవాళ్ళం. సాయంత్రం ఎవరి దండ వాళ్ళం తీసుకోవాలి. అక్క మాత్రం కావాలని మార్చి పెట్టేది. ఎవరి మీద అలిగి ఉన్నామో వాళ్ళ దండ మన జడలోకి వచ్చేది. ఎవరి పూలు పెట్టుకున్నామో వాళ్ళనే కసురుకోలేం కదా. మర్నాటికి ఆ అలక ఉండేది కాదు.

సీసాలోని మొక్కలను ఆమె ఆడపిల్లల్లా చూసేది. సీసా పుట్టిల్లు, ప్లాస్టిక్ షీట్లు కప్పిన పాలీహౌస్ అత్తగారిల్లు. "ఈడ పుణ్యానికి చక్కెర తిని, ఎండ సోకకుండ పెరిగినయి. ఒక్కసారే బయట పడేస్తే ఏమైతయి? జెర జెర అలవాటు చెయ్యాలె" అనేది. వేరు పట్టిన మొక్కలను సీసాలోంచి తీసి, అంటుకున్న మీడియా కడిగి, కొబ్బరిపొట్టు నింపిన చిన్న కప్పుల్లో నాటి పాలీహౌస్‌కి పంపే రోజున ఆమె గొంతు నిజంగానే బొంగురుపోయేది. మేం నవ్వితే "నవ్వుండ్రి, మీకు సుత ఆ రోజొస్తది" అని కసిరేది.

ఇంకో అలవాటు చెబితే కొందరు ముఖం చిట్లిస్తారు. పాడైన సీసాలను ఆమె వాసన చూసేది. వాటిని ల్యాబులో తెరవడానికి లేదు కనుక పెరట్లో జామచెట్టు కిందికి తీసుకెళ్ళి, మూత కొంచెం పైకెత్తి, ముక్కు పెట్టి, కళ్ళు మూసుకునేది. తర్వాత కాళ్ళూ చేతులూ కడుక్కొని, ఏప్రాను మార్చుకొని గాని లోపలికి వచ్చేది కాదు. "వద్దక్కా, రోగమొస్తుంది" అంటే వినేది కాదు. "వాసన చూస్తే అది ఏడికెల్లి వచ్చిందో చెప్తది. ఇది తడి గోడది. ఇది ఏసీ ఫిల్టర్‌ది." సగం సార్లు ఆమె చెప్పింది తప్పయ్యేది. తప్పైనప్పుడు మా అందరికన్నా ఎక్కువ ఆమే నవ్వేది.

ఆ వాసన చూసే ముక్కే నన్ను నిలబెట్టింది.

నేను డిగ్రీ అయ్యాక ఆ ల్యాబులో చేరాను. బ్లేడు పట్టుకొని మొక్క కోసే పని నాకు మొదటి రోజే తెగ నచ్చింది. కానీ నేను ముట్టుకున్న సీసా ఏదీ నిలిచేది కాదు. నాలుగైదు రోజులకు మొక్క మొదట్లో పల్చటి పాలపొర కట్టేది, మర్నాటికి మీడియా అంతా చిక్కటి మజ్జిగలా అయ్యేది. కాల్చిన బ్లేడు మళ్ళీ కాల్చాను, చేతులు తోలు లేచేట్టు కడిగాను. లాభం లేదు. తోటి అమ్మాయిలు మొహం మీద అనకపోయినా, ఆ మాట నా చెవిన పడింది. "పాపం, ఆ పిల్లకు చేతివాసి లేదు."

అదే చెయ్యికి మా ఇంట్లో మహా గిరాకీ. మేం గుంటూరు వైపు నుంచి వచ్చి మెట్టుగూడలో స్థిరపడ్డాం. మా అమ్మ ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్ముతుంది. గ్రైండర్ రుబ్బుతుంది గాని, ఉప్పు వేసి కలిపేది మాత్రం చేత్తోనే, ఆ చెయ్యి నాదే అవ్వాలి. "నీ చెయ్యి పడితేనే పిండి పొంగుతుందే" అని అమ్మ నమ్మకం. సాయంత్రం కలిపేదాన్ని, పొద్దున్నే పొంగిన పిండిని మళ్ళీ చేత్తో సర్ది కవర్లలో పోసి ల్యాబుకు పరిగెత్తేదాన్ని. ఇంట్లో చేతివాసి, ల్యాబులో చేతిదోషం. ఎవరితో చెప్పుకోను?

సరిగ్గా అప్పుడే ల్యాబు మీదికి ఒక కష్టం వచ్చింది. ఆకుపచ్చ అంచున్న ఆ తెల్ల ఆంథూరియం తల్లిమొక్క కుండీలో కుళ్ళిపోయింది. దాని పిలకలున్న సీసాలు నాలుగే మిగిలాయి. వాటిలోనూ మీడియా అయిపోవస్తోంది, ఆకులు పసుపు తిరుగుతున్నాయి. వెంటనే విడదీసి కొత్త సీసాల్లో పెట్టాలి. "ఈ నాలుగూ పోతే ఈ రకం ఇక మన దగ్గర లేనట్టే" అన్నారు సారు. అదే ఊపులో నా సంగతీ తేల్చేశారు. "ఆ అమ్మాయిని సోమవారం నుంచి సీసాలు కడిగే దగ్గర వేయండి. ఇంకెన్నాళ్ళు చూస్తాం?"

కడిగే పని తక్కువదని కాదు. కానీ నాకు బ్లేడు పని కావాలి. అది లేకపోతే ఆ గడప మళ్ళీ తొక్కదలచుకోలేదు. జామచెట్టు దగ్గరికి వెళ్ళి ఏడుస్తూ నిలబడ్డాను. అక్క నా పాడైన సీసా ఒకటి పట్టుకొని వచ్చింది. ఓదార్చలేదు. మూతెత్తి వాసన చూసింది. మళ్ళీ చూసింది. నా చెయ్యి లాక్కొని అరచేతిని వాసన చూసింది.

"పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"దోసె."

"తిన్నవా, చేసినవా?"

పిండి సంగతంతా చెప్పాను. అక్క సీసా నా ముక్కు దగ్గర పెట్టింది. సందేహం లేదు, పులిసిన పిండి వాసన. మా ఇంటి గ్రైండర్ పక్కన నిలబడినట్టే ఉంది. పిండిని పొంగించేదేదో అదే నా గోళ్ళ సందుల్లో, జుట్టులో కూర్చొని రోజూ నాతో పాటు ల్యాబుకు వస్తోంది.

అక్క నడుం మీద చేతులు పెట్టుకొని చెట్టు కింద ఒక్కతే పగలబడి నవ్వింది. తర్వాత ఆ మాట అంది. నా జీవితంలో అంత మంచి మాట నాతో ఎవరూ అనలేదు.

"నీ చెయ్యికి ఏమైందే? బంగారం లెక్క ఉన్నది. ఈ చెయ్యికి ఏదిచ్చినా పెరుగుతది. ఏమియ్యాల్నో మనం చూసుకోవాలె, గంతే."

ఆ సాయంత్రమే స్కూటీ వెనక నన్ను ఎక్కించుకొని మెట్టుగూడ వచ్చింది. మా అమ్మ విషయం విని మొహం ముడుచుకుంది.

"మా పిండి వల్ల మీ మొక్కలకు జబ్బా? వీధి వీధంతా తింటున్నారండీ మేడం గారూ, ఒక్కరికి జలుబు కూడా చేయలేదు."

"జబ్బు గాదు వదినె. మీ పిండి మస్తు బలమైంది. దాని ముందల మా మొక్కలు ఆగలేకపోతున్నయి. ముందుగాల నాకో దోసె ఎయ్యి, తిని మాట్లాడుత."

మూడో దోసెకు అమ్మ "మేడం గారూ" మాని "వదిన గారూ" అంటోంది. అయినా పేచీ తెగలేదు. "మరి పిండి ఎవరు కలుపుతారు? నా చెయ్యి పడితే అది లేవదు" అంది. అక్క ఇల్లంతా కలియజూసి, పేపరు చదువుకుంటున్న మా నాన్న దగ్గర ఆగింది.

"అన్న చేతులు ఖాళీగనే ఉన్నయి గద?"

నాన్న పేపరు ఇంకొంచెం పైకెత్తి మొహం దాచుకున్నారు. అక్క వదల్లేదు. గ్రైండర్ లోంచి తీసిన పిండి గిన్నె ముందు పెట్టుకొని, చేతులు కడుక్కొని, మోచేతి దాకా అందులో దించింది. "గిట్ల కిందికెల్లి పైకి తేవాలె అన్నా. కోపంగ గాదు, ముద్దుగ" అంటూ, మధ్యలో సిగ్నల్ దగ్గరి పెద్దమనిషి కథ చెబుతూ, గిన్నెడు పిండీ కలిపేసింది. చెంప మీదా జుట్టులోనూ చుక్కలు పడ్డాయి. ఆఖరున నాన్న చేత కూడా నాలుగు తిప్పులు తిప్పించి, చెయ్యి కడుక్కొని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున లేచేసరికి పిండి గిన్నె దాటి పొంగి గట్టు మీదికి కారింది. అంతలా పొంగడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు. నాన్న తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు. ఆ రోజు నుంచి పిండి పని ఆయనదే.

నేను పిండి జోలికి పోకుండా, తలంటుకొని, ఉతికిన బట్టలు కట్టుకొని ల్యాబుకు వెళ్ళాను. నా బల్ల మీద ఆంథూరియం సీసాలు పెట్టి ఉన్నాయి. మూడు. నాలుగోది ఏదని కళ్ళతో అడిగాను. అక్క ఎడమ కనుబొమ లేపి, ముందు పని చూడమంది. నా పక్కనే స్టూలు వేసుకొని కూర్చుంది. నేను బ్లేడు దించినప్పుడల్లా తను ఊపిరి బిగబట్టేది, ముక్క సీసాలో పెట్టాక వదిలేది. పని అయ్యాక చూస్తే మాస్కు తాడు నిండా ముళ్ళే.

నాలుగో సీసా చెయ్యిజారి పగిలిందని తర్వాత సారుకు చెప్పింది. అక్క చేతిలో సీసా పగలడం ఎవరమూ చూడలేదు. తనను అడగకుండా మిగతా మూడూ నా చేతికిచ్చినందుకు సారు కొంచెం గొణిగారు. ఇక మిగిలింది ఎదురుచూడటమే. రోజూ సీసాలను ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి పట్టుకొని అడుగు చూసేదాన్ని. నాలుగు రోజులు. వారం. పొర లేదు. మీడియా నీళ్ళలా తేటగా ఉంది. రెండో వారానికి ప్రతి సీసాలో పచ్చటి కొత్త చిగురు కనిపించింది. నేను నోరు తెరవబోయేసరికి అక్క వేలు పెదవుల మీద పెట్టి, తాడుకు ఒక ముడి వేసింది.

ఆ రోజు టీ దగ్గర అన్ని ముళ్ళూ విప్పింది. ఆ ఒక్కటి విప్పలేదు.

"ఇది నీ ముడి. ఇప్పుడు చెప్ప. నెత్తికెక్కుతది" అంది. ఆ మాస్కును మడిచి పర్సులో పెట్టుకుంది. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. అక్క ఒక మాటను అన్నేళ్ళు దాచుకోగలదని ఎవరూ అనుకోలేదు.

రిటైరైన రోజున పూలదండ మెడలో ఉండగానే నన్ను జామచెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. పర్సులోంచి పాత మాస్కు తీసింది. రంగు వెలిసిపోయింది. ముడి బిగుసుకుపోయి ఉంది. మామూలుగానే పళ్ళతో లాగింది.

"నాలుగో సీస పగల్లేదు బిడ్డా. నీ మీద నమ్మకం ఉండె, కని జెర భయం సుత ఉండె. ఒకటి నేనే కోసుకున్న, నీయి పోతే నాదన్న ఉంటదని."

"మరి?"

"మరేంది, మీ ఇంట్ల పిండి కలిపిన చెయ్యి గద. తలస్నానం చెయ్య బద్ధకించిన. నాలుగో రోజుకు మజ్జిగైంది. నీయి నిలిచినయి, నాది పోయింది. గీ ఊర్ల ఆ తెల్ల పువ్వు ఏడ కనబడ్డా నీ చేతిదే. నాది ఒక్కటి లేదు."

చెబుతూ ఎంత నవ్విందంటే దండలోని బంతిపూలు రాలిపోయాయి. నేను ఆమెను గట్టిగా పట్టుకున్నాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అక్క నా అరచెయ్యి తీసుకొని ఆఖరుసారి వాసన చూసి, "సాఫ్ ఉన్నది" అని సర్టిఫికెట్ ఇచ్చింది.

ఫంక్షన్ హాల్లో ఆ కుండీల దగ్గర నేను ఇవన్నీ తలుచుకుంటూ ఉండగా మా అమ్మ వచ్చింది. పూలు చూసి గుర్తుపట్టింది.

"ఇవి మీ అక్క చేతివి కదూ?"

"కాదమ్మా, నా చేతివి. అక్క చెయ్యి ఆ రోజు మన పిండిలో ఉంది" అని ముడి కథంతా చెప్పాను. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"అయితే గిన్నె దాటి పొంగింది ఆవిడ చెయ్యికా?"

ఇద్దరం భోజనాల వైపు చూశాం. మా నాన్న ప్లేటు ఎడమ చేతిలోకి మార్చుకొని, కొత్త వియ్యంకుడికి కుడిచెయ్యి ఆడించి చూపిస్తూ ఏదో చెబుతున్నారు. ఏం చెబుతున్నారో వినకపోయినా మాకు తెలుసు.

"ఇన్నేళ్ళుగా నా చెయ్యి నా చెయ్యి అని ప్రాణం తీస్తున్నారు" అంది అమ్మ. "ఇంటికి పోనీ."

అని పట్టుచీర కొంగు ముందుకు లాక్కొని, కొసకు గట్టిగా ఒక ముడి వేసుకుంది.